బొమ్మ కెమెరాతో డబుల్ ఎక్స్‌పోజర్: సికింద్రాబాద్‌లో ఒక రోల్ పాడుచేసుకుని నేర్చుకున్న లెక్క

బొమ్మ కెమెరా అనగానే మనలో చాలామందికి తిరుపతిలో కొనిచ్చిన ప్లాస్టిక్ కెమెరా గుర్తొస్తుంది. కంటికి పెట్టుకుని బటన్ నొక్కితే ఒక్కో దేవుడి బొమ్మ మారుతూ వచ్చేది. ఈ ఆర్టికల్‌లో మాట్లాడుకునేది దాని అన్నలాంటిది. చూడటానికి అంతే తేలిక, అంతే ప్లాస్టిక్. కానీ ఇందులో నిజంగా ఫిల్మ్ వేసి ఫోటో తీయొచ్చు.

200 మెగాపిక్సెల్ ఫోన్లు రివ్యూ చేసే చోట దీని గురించి ఎందుకు అంటారా? ఇన్‌స్టాలో ఫిల్మ్ లుక్ చూసి చాలామంది ఈ కెమెరాలు కొంటున్నారు. రెండు రోల్స్ తీశాక, ఫోటోలు సరిగ్గా రాక, అలమారాలో పడేస్తున్నారు. నిజానికి చాలాసార్లు తప్పు కెమెరాది కాదు, లెక్కది. ఆ లెక్క నేను కాస్త ఖరీదుగానే నేర్చుకున్నాను. మీకు ఆ ఖర్చు తప్పాలని ఇది రాస్తున్నా.

ముందు కొంచెం చరిత్ర

1960లలో హాంగ్‌కాంగ్‌లో డయానా అనే చవక ప్లాస్టిక్ కెమెరా తయారైంది. 1982లో అక్కడే హోల్గా వచ్చింది. మామూలు కుటుంబాలు కూడా కొనుక్కోగలిగే కెమెరా కావాలన్నదే దాని ఉద్దేశం. ఫోటో మధ్యలో కాస్త క్లియర్‌గా, అంచుల్లో మసకగా, మూలల్లో చీకటిగా వచ్చేది. ఒక్కోసారి బాడీ సందుల్లోంచి వెలుతురు దూరి ఫిల్మ్ మీద గీతలు పడేవి. అందరూ లోపం అనుకున్న దాన్నే కొందరు ఫోటోగ్రాఫర్లు ఇష్టపడి స్టైల్‌గా మార్చుకున్నారు. 1992లో వియన్నాలో లోమోగ్రఫీ మొదలయ్యాక ఈ పిచ్చి ప్రపంచమంతా పాకింది. హోల్గా తయారీ 2015లో ఆగిపోయి, 2017లో మళ్లీ మొదలైంది.

మన ఇళ్లకూ ఇలాంటివి కొత్తేం కాదు. 120 రోల్‌తో 12 ఫోటోలు వచ్చే అగ్ఫా క్లిక్ త్రీ, 1980లలో వచ్చిన హాట్‌షాట్ ఈ జాతివే. మీ తాతగారింట్లో ఆల్బమ్ ఉంటే, అందులో నాలుగు చదరపు బ్లాక్ అండ్ వైట్ ఫోటోలైనా క్లిక్ త్రీతో తీసినవి ఉండొచ్చు.

ఇంకో మాట. సికింద్రాబాద్‌కి ఫోటో చరిత్ర చిన్నదేం కాదు. ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ 1880లలోనే ఇక్కడ స్టూడియో నడిపారు. ఆయన పనిచేసింది పెద్ద గాజు ప్లేట్ల మీద. ప్లేటు పాడైతే ఆ ఫోటో పోయినట్టే, అన్‌డూ అనే మాటే లేదు. బొమ్మ కెమెరాలోనూ అంతే.

ఈ కెమెరా లోపల ఏముంటుంది?

దాదాపు ఏమీ ఉండదు! ఉదాహరణకి కొడాక్ ఎం35 చూద్దాం. ఇది 35 ఎంఎం ఫిల్మ్ వేసుకునే కెమెరా. 31 ఎంఎం లెన్స్, ఎఫ్/10 అపర్చర్, 1/120 సెకను షట్టర్. ఈ మూడూ ఫిక్స్‌డ్. ఫోకస్ మార్చే వీల్లేదు, ఒక మీటరు దాటిన ప్రతిదీ ఓ మాదిరి క్లియర్‌గా వస్తుంది. బ్యాటరీ ఫ్లాష్ కోసమే. ఎక్టార్ హెచ్35 అయితే హాఫ్ ఫ్రేమ్ కెమెరా. ఒక్కో ఫోటోకి సగం ఫ్రేమే వాడుతుంది కాబట్టి 36 రోల్‌లో 72 ఫోటోలు వస్తాయి.

మీ ఫోన్‌లో షట్టర్, ఐఎస్ఓ ప్రతి ఫోటోకీ వాటంతట అవే మారుతుంటాయి. ఇక్కడ ఏదీ మారదు. ఎండైనా, నీడైనా, మోండా మార్కెట్ లోపలి చీకటైనా ఫిల్మ్ మీద షట్టర్ తెరుచుకునే సమయం ఒక్కటే. అంటే మీ చేతిలో ఉన్న సెట్టింగులు రెండే: ఏ ఫిల్మ్ వేస్తారు, ఏ వెలుతురులో నిలబడతారు.

అసలు లెక్క ఇదీ

ఫోటోగ్రఫీలో పాత సూత్రం ఒకటుంది. మంచి ఎండలో ఎఫ్/16 పెట్టి, ఫిల్మ్ ఐఎస్ఓ ఎంతో షట్టర్ అందులో ఒక వంతు పెడితే ఎక్స్‌పోజర్ సరిపోతుంది. ఐఎస్ఓ 400 అయితే 1/400 అన్నమాట. దీన్ని ఎఫ్/10, 1/120 కెమెరాకి వర్తింపజేస్తే వచ్చేది ఇది:

- ఐఎస్ఓ 100 ఫిల్మ్: ఎండలో అవసరమైన దానికి సుమారు 2 రెట్ల వెలుతురు, నీడలో పావు వంతు
- ఐఎస్ఓ 200 ఫిల్మ్: ఎండలో సుమారు 4 రెట్లు, నీడలో సగం
- ఐఎస్ఓ 400 ఫిల్మ్: ఎండలో సుమారు 8 రెట్లు, నీడలో సరిగ్గా సరిపడా

నీడ అంటే గది లోపల కాదు, పగలు బిల్డింగ్ నీడ పడే చోటు. ఎండ కన్నా అక్కడ వెలుతురు దాదాపు ఎనిమిదో వంతు ఉంటుందని వేసిన లెక్క ఇది.

ఎనిమిది రెట్లు అనగానే కంగారు పడకండి. కలర్ నెగటివ్ ఫిల్మ్ ఎక్కువ వెలుతురుని బాగా తట్టుకుంటుంది, 8 రెట్ల దాకా లాక్కొస్తుంది. తట్టుకోలేనిది తక్కువ వెలుతురుని. సగం వరకు పర్లేదు, పావుకి పడితే ఫోటో బురదగా, గింజలు గింజలుగా వస్తుంది. ఫోన్ సెన్సార్‌కి ఇది తిరగబడిన లెక్క. అక్కడ ఎక్కువ వెలుతురు పడితే తెల్లగా కాలిపోతుంది, చీకటిలోంచి మాత్రం చాలావరకు లాగొచ్చు. ఫోన్ అలవాటుతో ఫిల్మ్ తీసేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

నేను బోల్తా పడింది ఇలా

2024 డిసెంబర్‌లో ఒక ఐఎస్ఓ 400 రోల్ వేసుకుని బయల్దేరాను. సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ కొత్తగా కడుతున్నారు, పాత భవనం ఉండదని అందరికీ తెలిసిన విషయమే. మా నాన్న రైల్వేలో చేసి రిటైర్ అయ్యారు. ఆయన పనికి వెళ్లిందంతా ఆ ఆర్చ్‌ల కింది నుంచే. ఆ ముఖద్వారం ఫోటో ఒకటి ఫ్రేమ్ కట్టించి ఇవ్వాలని నా ఆలోచన. రోడ్డు ఇవతల నిలబడి స్టేషన్ ముందు భాగం 14 ఫోటోలు తీశాను. మిగతా రోల్ క్లాక్ టవర్, మోండా మార్కెట్, జనరల్ బజార్‌లో అయిపోయింది.

అక్కడితో ఆగి కడిగించి ఉంటే సరిపోయేది. కానీ అదే రోల్ మళ్లీ వేసి, కూల్చేటప్పుడు పైన ఇంకోసారి తీస్తే పాతదీ కొత్తదీ ఒకే ఫ్రేమ్‌లో వస్తాయి కదా అని మెదడుకి తట్టింది. 2025 మొదట్లో కూల్చివేత మొదలైంది. అదే రోల్ మళ్లీ ఎక్కించి, మిట్ట మధ్యాహ్నం ఎండలో క్రేన్లు, శిథిలాలు తీశాను.

పై లెక్క మళ్లీ చూడండి. ఎండలో 400 రోల్ మీద ఒక్కసారికే 8 రెట్లు. రెండోసారి ఇంకో 8. మొత్తం 16 రెట్లు. స్కాన్లు వచ్చాక చూస్తే స్టేషన్ ఉన్న ఫ్రేములన్నీ పాలు ఒలికినట్టున్నాయి. 36లో పనికొచ్చినవి తొమ్మిది. అవీ చాలావరకు మార్కెట్ నీడలో తీసినవే. రెండోసారి తీయడానికి వెళ్లేసరికి మొదటిసారి తీసిన భవనం లేదు. మళ్లీ తీద్దామంటే కుదిరేది కాదు.

నాన్న స్కాన్లన్నీ ఫోన్‌లో ఒక్కొక్కటీ జరుపుతూ చూసి, "ఏందిరా, ఒక్కటన్నా మంచిగ తియ్యలేదా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఒక్క ఫ్రేమ్ నేర్పిన విషయం

స్టేషన్ ఫ్రేముల్లో ఒకటి మాత్రం నిలబడింది. అందులో ఆర్చ్ లోపలి చీకటి భాగం పెద్దగా పడింది. ఆ చీకట్లో రెండోసారి తీసిన ఆకాశం, దాని మీద క్రేన్ ఆకారం స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆర్చ్ చుట్టూ ఉన్న లేత రంగు గోడ మీద మాత్రం క్రేన్ జాడే లేదు.

కారణం ఇదీ. డబుల్ ఎక్స్‌పోజర్‌లో రెండు వెలుతురులు కలుస్తాయి, ఒకదాన్నొకటి కప్పవు. మొదటిసారి బాగా వెలుతురు పడిన చోట ఫిల్మ్ నిండిపోయి ఉంటుంది, అక్కడ రెండో బొమ్మకి చోటు ఉండదు. చీకటిగా మిగిలిన చోటే రెండో బొమ్మ కూర్చుంటుంది. అంటే మొదటి ఫోటోలో చీకటి ఎక్కడ ఉండాలో మీరే ప్లాన్ చేసుకోవాలి. తలుపు సందు, చెట్టు నీడ, వెలుతురుకి ఎదురుగా నిలబడ్డ మనిషి ఆకారం మొదటి ఫోటోకి బాగుంటాయి. రెండో ఫోటోకి ఆకులు, సైన్‌బోర్డులు, జనం లాంటి వివరాలున్నవి తీసుకోండి.

మీరు చేయాలనుకుంటే: స్టెప్ బై స్టెప్

1. ఎండలో తీయాలంటే ఐఎస్ఓ 100 ఫిల్మ్ వేయండి. రెండుసార్లు కలిపి 4 రెట్లే అవుతుంది, ఫిల్మ్ హాయిగా తట్టుకుంటుంది. 400 రోల్ ఉంటే రెండుసార్లూ నీడలోనే తీయండి.

2. ఫిల్మ్ ఎక్కించాక మూత వేసే ముందు, ఫిల్మ్ అంచు మీద కెమెరా ఫ్రేమ్ గీతకి ఎదురుగా మార్కర్‌తో గీత పెట్టుకోండి. రెండోసారి ఎక్కించేటప్పుడు అదే గీత దగ్గరికి తెస్తే ఫ్రేములు దాదాపు ఒకదానిపై ఒకటి పడతాయి. కాస్త అటూ ఇటూ జరగడం మామూలే.

3. రోల్ అయ్యాక వెనక్కి చుట్టేటప్పుడు చెవి దగ్గర పెట్టుకుని వినండి. లాగుడు ఒక్కసారిగా తేలికైందంటే ఫిల్మ్ కొస వదిలేసిందని అర్థం. వెంటనే ఆపండి. ఇంకో రెండు చుట్లు చుడితే కొస డబ్బాలోకి పోతుంది. ముందు ఒక పాడైన రోల్‌తో ఇంట్లో ప్రాక్టీస్ చేసుకోండి.

4. డబ్బా మీద "ఒకసారి అయింది" అని రాయండి. రాయకపోతే మూడోసారి కూడా ఎక్కిస్తారు, అదీ జరిగేదే.

5. హోల్గా ఉంటే ఇంత తిప్పలు లేదు. అందులో షట్టర్‌కీ, ఫిల్మ్ తిప్పే చక్రానికీ సంబంధం లేదు. ఫిల్మ్ జరపకుండా ఎన్నిసార్లయినా నొక్కొచ్చు. సగమే జరిపి నొక్కితే ఒక ఫోటో మీదికి ఇంకోటి పాకి పొడుగాటి బొమ్మ వస్తుంది.

ఖర్చు లేని ఇంకో రెండు ప్రయోగాలు

ఫ్లాష్‌కి రంగు కాగితం: వినాయకుడి మండపం లైట్లకి చుట్టే జిలటిన్ కాగితం ముక్క ఫ్లాష్ మీద టేప్‌తో అంటించండి. సాయంత్రం, ఒకటి రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషికి మాత్రమే ఆ రంగు పడుతుంది, వెనక బ్యాక్‌గ్రౌండ్ మామూలుగానే ఉంటుంది. ఫ్లాష్ దూరం వెళ్లదు, కాబట్టి బోనాల ఊరేగింపులో అవతలి గట్టు మీదున్న వాళ్ల కోసం వాడి లాభం లేదు.

లెన్స్ ముందు పాలిథిన్ కవర్: పారదర్శకంగా ఉండే కవర్‌ని కాస్త నలిపి, మధ్యలో చిన్న చిల్లు పెట్టి లెన్స్ ముందు పట్టుకోండి. అంచులు పొగమంచులా వస్తాయి. లెన్స్‌కి నేరుగా వాసెలిన్ మాత్రం పూయకండి, ప్లాస్టిక్ లెన్స్ తుడిచే కొద్దీ గీతలు పడుతుంది. ఇంకోటి, వ్యూఫైండర్‌లో కనిపించేది లెన్స్ చూసేది కాదు. దగ్గరి ఫోటోల్లో తల తెగకుండా పైన కాస్త ఖాళీ వదలండి.

ఖర్చు, జాగ్రత్తలు

నాకు ఆ రోల్‌కి రూ.1,100, కడగడం, స్కానింగ్‌కి రూ.550 అయ్యాయి. 36 ఫోటోలకి లెక్కేస్తే ఒక్కోటి దాదాపు రూ.46. తొమ్మిదే పనికొచ్చాయి కాబట్టి నిజంగా పడింది ఒక్కోటి రూ.183.

ల్యాబ్‌కి ఇచ్చే ముందు మూడు విషయాలు అడగండి: కలర్ ఫిల్మ్ వాళ్లే కడుగుతారా, బయటికి పంపుతారా? నెగటివ్‌లు వెనక్కి ఇస్తారా? స్కాన్ సైజు ఎంత? డబుల్ ఎక్స్‌పోజర్ అని కవర్ మీద రాసివ్వండి. లేకపోతే ఫ్రేము ఎక్కడ మొదలవుతుందో తెలియక తప్పు చోట కత్తిరించే ప్రమాదం ఉంది.

మే నెలలో కారు డ్యాష్‌బోర్డ్ మీద ఫిల్మ్ వదలకండి, వేడికి రంగులు పాడవుతాయి. ఎయిర్‌పోర్టుల్లో కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు కడగని ఫిల్మ్‌ని దెబ్బతీస్తాయి. చేత్తో చెక్ చేయమని అడగండి.

చివరిగా: కొనొచ్చా?

కేవలం లుక్ కోసమైతే వద్దు. రెండు ఫోటోలు కలపడం ఫోన్‌లో ఏ ఎడిటింగ్ యాప్‌తోనైనా ఫ్రీగా అవుతుంది, నచ్చకపోతే వెనక్కీ వెళ్లొచ్చు. వెలుతురు ఎలా పనిచేస్తుందో చేత్తో నేర్చుకోవాలనుంటే మాత్రం ఇంతకన్నా చవకైన మాస్టారు దొరకరు.

ఒక్క షరతు. మళ్లీ దొరకని దాన్ని ప్రయోగానికి వాడకండి. ముందు ఫోన్‌తో ఒకటి శుభ్రంగా తీసి పెట్టుకోండి, ఆ తర్వాత ఆడుకోండి. మా హాల్లో గోడ మీద ఇప్పుడున్న స్టేషన్ ఫోటో అదే రోజు యథాలాపంగా ఫోన్‌తో తీసింది. క్రేన్ ఉన్న ఫోటో కూడా ప్రింట్ తీయించాను. అది నా బల్ల మీద ఉంది. నాన్న ఇంకా దాన్ని అడగలేదు.