తెల్లదోమ మీద సవారీ

దసరా సెలవలకొచ్చిన మా మనవరాలు మిరప చేలోకి దిగిన ఐదు నిమిషాలకే ఓ కొమ్మ తుంచుకొచ్చి నా ముందు పెట్టింది. "తాతయ్యా, దీనికేమైంది? ఆకులన్నీ దొప్పల్లా ముడుచుకుపోయాయి."

చూడగానే తెలిసిపోయింది. ఆకుల అంచులు పైకి లేచి ఉన్నాయి. ఈనెలు లావెక్కాయి, వాటి మధ్య పచ్చదనం పసుపు తిరిగింది. కణుపులు దగ్గరపడి కొస అంతా చీపురుకట్టలా గుబురెక్కింది. పూతన్న మాటే లేదు.

"బొబ్బర తెగులమ్మా. పుస్తకాల్లో ఆకుముడత వైరస్ అని రాస్తారు. పురుగుమందుల కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నవాళ్లని అడిగితే జెమిని అంటారు."

"జెమిని అంటే టీవీ ఛానలు కదా!"

"పేరొక్కటే. మనం మిథునరాశి అనేదాన్నే వాళ్లు జెమిని అంటారు. అంటే కవలలు. ఈ వైరస్ రేణువులు రెండేసి అతుక్కుని ఉంటాయి. కవల అరటిపండు నిన్ను తిననివ్వదు చూడు మీ నానమ్మ, అట్టాగన్నమాట. ఆ జంట పొడవు 30 నానోమీటర్లు. నీ స్కేలు మీద ఒక మిల్లీమీటరుందే, దాన్ని 33 వేల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క."

ఆ వైరస్ లోపల ఉండేది ఉంగరంలా చుట్టుకున్న చిన్న డీఎన్ఏ. మొత్తం రాస్తే 2,700 అక్షరాల పైచిలుకు, అంటే నీ తెలుగు వాచకంలో రెండు మూడు పేజీలు. దానికి కాళ్లు లేవు, రెక్కలు లేవు. మరి ఈ మొక్క నుంచి ఆ మొక్కకు ఎట్టా పోయినట్టు?

నోటితో చెప్తే నమ్మే పిల్ల కాదు. మర్నాడు పొద్దున్నే, ఎండెక్కకముందే తీసుకెళ్లాను. కుదపకుండా ఆకు వెనక్కి తిప్పి చూడమన్నాను. చిటికెడు సున్నం చల్లినట్టు తెల్లటి చుక్కలున్నాయి. ఊపిరి తగిలిందో లేదో పొగలా లేచి పక్క సాలు మీద వాలాయి. తెల్లదోమ అని పేరే గానీ అది దోమ కాదు, పేనుబంకకు దగ్గరి చుట్టం. ఒళ్లంతా కలిపి ఒక మిల్లీమీటరు ఉంటుంది. ఆకులోకి సన్నటి ముక్కు దించి, మొక్క తన కోసం వండుకున్న తీపి రసం తాగుతుంది.

జబ్బు మొక్క మీద కాసేపు తాగిందంటే రసంతోపాటు వైరస్ కూడా కడుపులోకి పోతుంది. అక్కడితో ఆగదు. పేగు గోడ దాటుతుంది, ఒంట్లో ద్రవంలో కలుస్తుంది, చివరికి లాలాజల గ్రంథుల్లోకి చేరుతుంది. మనవాళ్లు ప్రత్తిపాడులో బస్సెక్కి, గుంటూరులో మారి, మిర్చియార్డు దగ్గర దిగినట్టు! ఈ ప్రయాణానికి కొన్ని గంటలు పడుతుంది. ఒకసారి ఉమ్ములోకి చేరిందా, ఆ దోమ ముక్కు దించిన ప్రతి మొక్కకీ గండమే. అది బతికే ఆ కొద్ది వారాలూ ఇదే పని.

పేనుబంక పద్ధతి వేరు. అది ఎంగిలి సూది లాంటిది. మచ్చలు మచ్చలుగా వచ్చే మొజాయిక్ జబ్బుల్ని చాలావరకు మోసేది అదే. ఇక్కడ గుచ్చి రుచి చూసి, అక్కడికెళ్లి గుచ్చుతుంది. పని సెకన్లలో అయిపోతుంది. మనం కొట్టిన మందు తగిలి అది చచ్చేలోపే నాలుగు మొక్కలకు అంటించిపోతుంది. అందుకే మొజాయిక్ కనపడ్డాక డబ్బాలకు డబ్బాలు కొట్టేవాళ్లను చూస్తే నాకు డబ్బు పిచికారీ చేస్తున్నట్టే ఉంటుంది.

"మరి పక్క చేను పచ్చగా ఉందే? దోమకి గట్టు అడ్డమా?" అంది పిల్ల.

మంచి ప్రశ్న. దానికి బంగాళాదుంప కథొకటి చెప్పాను. మన రేగడిలో ఆ దుంప పండదు గానీ, మిరపకి మేనత్త కొడుకే. వంగ, టమాటా, పొగాకు అన్నీ ఒకే ఇంటివాళ్లు. ఇంగ్లండులో 1902లో కింగ్ ఎడ్వర్డ్ అనే దుంప రకం బజారుకొచ్చింది. నదురుగా ఉంటుంది, జబ్బు చిహ్నాలేం లేవు. 1930లో సాలమన్, లెపెల్లీ అని ఇద్దరు దాని కొమ్మను ఆరన్ విక్టరీ అనే ఇంకో రకానికి అంటు కట్టి చూశారు. ఆ రెండోదాని ఆకులు కాస్తా ముడతలుపడిపోయాయి. అంటే రాజుగారి ఒంట్లో వైరస్ మొదట్నించీ ఉంది. ఆయనకేం కాలేదు, ఆయనతో అంటు కట్టినవాడికి అయింది. దుంప ముక్కే విత్తనం కాబట్టి తల్లి జబ్బు పిల్లకి, పిల్ల జబ్బు మనవడికి, ఏటేటా పొలమంతా అదే. 1950ల్లో కసానిస్ అనే ఆయన కొస మొగ్గలో కంటికి ఆనీ ఆనని ముక్క కోసి, గాజు గొట్టంలో పెంచి, జబ్బు లేని కింగ్ ఎడ్వర్డ్‌ని తీశాడు. చిట్టచివరి మొగ్గలోకి వైరస్ సరిగా చేరదు, అదీ కిటుకు.

అంత దూరం ఎందుకు, మన అనంతపురం సంగతే చూడు. 2000లో అక్కడ వేరుశనగ మొవ్వులు మాడి, కాండం ఎండి, రెండు లక్షల హెక్టార్ల పైన పంట దెబ్బతింది. నష్టం 300 కోట్ల పైమాటేనని లెక్కగట్టారు. వైరస్ పేరు టొబాకో స్ట్రీక్. పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్లు కూపీ లాగితే దొరికిన దొంగ గట్టు మీద తెల్లపూలతో నవ్వుతున్న వయ్యారిభామ. ఒంటి నిండా వైరస్ ఉన్నా ఆకు మీద మచ్చ కూడా ఉండదు దానికి. పుప్పొడిలో వైరస్ ఉంటుంది. ఆ పొడి గాలికి కొంతా, తామరపురుగుల ఒంటికంటుకుని కొంతా వేరుశనగ ఆకు మీద పడుతుంది. తామరపురుగు ఆకును గీరి తినేటప్పుడు ఆ గాట్లలోంచి లోపలికి దిగిపోతుంది. ఇక్కడ పురుగు కడుపులోకి పోయే పనే లేదు!

ఇక నువ్వడిగిన పక్క చేను సంగతీ ఇంతే, అది వేరే రకం. వైరస్‌ను తట్టుకునే రకమంటే వైరస్ రాని రకమని కాదు. వచ్చినా లోపలే ఉంచుకుని కాపు కాస్తుందంతే. ఆ రైతుకది వరమే. గట్టివతల మామూలు రకం వేసుకున్నవాడికి మాత్రం అది కింగ్ ఎడ్వర్డ్ అయి కూర్చోవచ్చు.

"అయితే దోమల్ని మందు కొట్టి చంపేస్తే?"

మా ఊరు ప్రత్తిపాడు పేరులోనే పత్తి ఉంది, ఆ ముచ్చటా చూశాం. 1984, 85 ప్రాంతాల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. కాయతొలుచు పురుగు కోసం పైరిత్రాయిడ్ మందులు కొత్తగా వచ్చిన రోజులవి. ఎంత కొడితే అంత పెరిగింది, ఎందుకంటే దోమను తినే అక్షింతల పురుగులు ముందు పోయాయి. ఆకులు జిగురుపట్టి, మసి పూసినట్టు నల్లబడ్డాయి. చేలో నడిస్తే పంచె జిగురయ్యేది.

ఇప్పుడు నేను చేసేది తక్కువే. నారుమడి మీద సన్న వల కప్పుతాను. చేను చుట్టూ మూడు సాళ్లు జొన్న వేస్తాను. పసుపు జిగురు అట్టలు కడతాను. తొలి రోజుల్లో ముడత పడ్డ మొక్కను మొహమాటం లేకుండా పీకేస్తాను. కాపు అయిపోయిన చెట్లను చేలో ఉంచను.

పిల్ల అప్పటికే గట్టు మీద వయ్యారిభామ మీదికి పోతోంది. "ఒట్టి చేతుల్తో ముట్టుకోకే, దురదలొస్తాయి" అని కేకేశాను. ఆగింది. గట్టు దాటి పక్క చేలో పచ్చటి మొక్క దగ్గర కూర్చుని, నేను చూపించినట్టే మెల్లగా ఆకు వెనక్కి తిప్పింది.

"తాతయ్యా, ఇక్కడా ఉన్నాయి!"