పాలగిన్నెలో పాఠం

సూక్ష్మజీవులు అనగానే విద్యార్థి మనసులో మెదిలేది రోగం. కలరా, క్షయ, టైఫాయిడ్ వంటి పేర్లతో పాఠం మొదలైతే ఆ భయమే స్థిరపడుతుంది. అందువల్ల ఉన్నత పాఠశాలలో ఈ పాఠాన్ని వంటింటి నుండి ఆరంభించడం మేలు. రాత్రి తోడువేసిన పాలు తెల్లవారేసరికి గడ్డపెరుగు కావడం ప్రతి విద్యార్థీ చూసినదే. అది ఎందుకు అవుతుందని అడిగినవారు మాత్రం అరుదు.

ఉపాధ్యాయుడు మూడు గిన్నెలలో పాలు సిద్ధం చేయించాలి. మొదటిదానిలో పాలు మరుగుతుండగానే, రెండవదానిలో గోరువెచ్చగా ఉన్నప్పుడు, మూడవదానిలో బాగా చల్లారిన తరువాత చెంచాడేసి పెరుగు కలిపించాలి. మూడవ గిన్నెను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. ఏ పాలు తోడుకొంటాయో, ఎందుకో ప్రతి విద్యార్థి చేతా ముందుగానే రాయించాలి. ఈ ఊహ రాయించడమే పాఠానికి ప్రాణం. తన మాట నిలిచిందో లేదో చూడాలన్న ఆత్రుతతో విద్యార్థి మరునాడు బడికి వస్తాడు.

గోరువెచ్చని పాలు మాత్రమే చక్కగా తోడుకొంటాయి. మరిగే వేడికి లాక్టోబాసిల్లస్ వంటి బాక్టీరియాలు చనిపోయాయి. చలికి వాటి పని మందగించింది. తగిన వెచ్చదనంలో అవి పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చాయి. ఆ ఆమ్లం వల్ల కేసిన్ అనే మాంసకృత్తు గడ్డకట్టింది. ఈ ఆమ్లం పుట్టడం సూక్ష్మజీవుల పనియేనని లూయీ పాశ్చర్ 1857లో ప్రకటించాడు. ఆ జీవుల సంగతి తెలియని మన పూర్వులు పాలలో వేసే మజ్జిగచుక్కను ‘తోడు’ అన్నారు. అంతకంటె తగిన పారిభాషిక పదం దొరకడం కష్టం. ఇడ్లీపిండి పొంగడాన్నీ, అంబలి పులవడాన్నీ ఈ సందర్భంలోనే ప్రస్తావించవచ్చు.

సంగారెడ్డి జిల్లా కాజీపల్లి వంటి చోట పాఠం ఇక్కడితో ఆగరాదు. పటాన్‌చెరు ప్రాంతం మందుల తయారీకి పేరుపొందింది. అక్కడి ఉమ్మడి వ్యర్థజల శుద్ధికేంద్రం నుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని స్వీడన్ పరిశోధకులు 2007లో వెల్లడించారు. 2014లో వెలువడిన మరొక పరిశోధన కాజీపల్లి చెరువునే పరీక్షించింది. బాక్టీరియాలు మందులను తట్టుకొనడానికి తోడ్పడే జన్యువులు, పోలికకు తీసుకొన్న స్వీడన్ సరస్సులో కంటె ఇక్కడ దాదాపు 7000 రెట్లు అధికమని తేలింది.

ఇప్పుడు నాలుగవ గిన్నెను ఊహించమనాలి. తోడువేసిన పాలలో యాంటీబయాటిక్ కలిస్తే ఏమవుతుంది? మందు వాడిన పశువు పాలలో ఆ మందు మిగిలి ఉంటే పెరుగు సరిగా తోడుకోదు. మందుకు మేలుచేసే జీవి, కీడుచేసే జీవి అనే భేదం తెలియదు. అయితే అన్నీ చావవు. తట్టుకొని మిగిలినవి వృద్ధిచెందుతాయి. ఆ శక్తినిచ్చే జన్యువులను ఇతర జాతుల బాక్టీరియాలకు సైతం అందించగలవు. అప్పుడు రోగికి అదే మందు పనిచేయకపోవచ్చు.

ఈ భాగం బోధించేటప్పుడు చెరువునీటిని తరగతిలోకి తెప్పించరాదు. మందుమాత్రలను పాలలో కలిపి పారబోయించడం అసలే తగదు. పాఠం ఖండించే తప్పును పాఠమే చేసినట్లవుతుంది. మరొక జాగ్రత్త కూడా అవసరం. ఆ బల్లలపై కూర్చున్నవారిలో కొందరి తల్లిదండ్రులు మందుల కర్మాగారాలలోనే పనిచేస్తుండవచ్చు. ఏ బిడ్డా తన ఇంటి అన్నం గురించి తలవంచుకొనే విధంగా మాటలు సాగరాదు. యాంటీబయాటిక్‌లు ఎందరి ప్రాణాలనో నిలిపాయన్న సంగతి అదే గంటలో, అంతే స్పష్టంగా చెప్పాలి.

ఇంటిపనిగా ఒకే ప్రశ్న ఇవ్వవచ్చు. వైద్యుడు ఐదు రోజులకు రాసిచ్చిన మాత్రలను జ్వరం తగ్గగానే మూడవనాడే ఆపివేస్తే, మిగిలిన రెండు రోజుల మాత్రలు మీ ఇంట్లో ఏమవుతున్నాయి?