హిమముపై మోటారుబండి నడుపుట

మన భాషలో మంచు అను మాట మిక్కిలి ఉదారమైనది. వేకువను గడ్డిపరకలపై నిలుచు నీటిబిందువులు మంచే. పుష్యమాసమున ఏటిగట్టును కమ్ముకొని ఎదుటి మనిషిని కానరానీయని పొగయు మంచే. హిమాలయములపై కురిసి నెలల కొలది కరగక నిలుచు తెల్లని పొడియు మంచే. మొదటి రెంటిని మన విద్యార్థులందరును ఎరుగుదురు. మూడవదానిని కన్నులార చూచినవారు కొలదిమందియే. అయినను నేడు మన ప్రాంతపు కుటుంబములు శీతకాలమున మనాలికిని గుల్మార్గుకును పోయి వచ్చుట సామాన్యమైనది. ఉద్యోగము కొరకు కెనడాకును, అమెరికా ఉత్తర రాష్ట్రములకును పోయిన మనవారు ప్రతి సంవత్సరమును అట్టి దారులపై స్వయముగా కార్లు నడుపుచున్నారు. కావున ఆ దారుల స్వభావమెట్టిదో, దారి విడిచి హిమముపై బండి నడుపువారు ఏయే ఉపాయములు పన్నుదురో, బండి నిలిచిపోయినపుడు చేయవలసినదేమో వివరింప తలచితిమి. మాటల తికమక కలుగకుండుటకై ఆ మూడవ మంచును ఇచట హిమమనియు, గట్టిపడిన నీటిని మంచుగడ్డ అనియు వ్రాసెదము.

హిమముపై బండికి వచ్చు కష్టములు ముఖ్యముగా రెండు. ఒకటి జారుట, రెండవది దిగబడుట. జారుటను గూర్చి చిన్న లెక్క చూపిన చాలును. గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోవు బండి పొడి తారురోడ్డుపై బ్రేకు పట్టిన పిమ్మట సుమారు 5 మీటర్లలో నిలుచును. అణగి గట్టిపడిన హిమముపై అదే బండి నిలుచుటకు 17 మీటర్లకు పైగా కావలెను. నున్నని మంచుగడ్డపై 35 మీటర్లు పోయిన గాని నిలువకపోవచ్చును. బ్రేకులో దోషమేమియు లేదు. చక్రమునకును నేలకును నడుమనుండు పట్టు తగ్గినది, అంతే. బ్రేకు చక్రమును మాత్రమే ఆపగలదు. బండిని ఆపునది నేల. ఈ సంగతి మనసున నాటినవాడు ముందు బండికి చాల ఎడముగా ఉండును. మలుపునకు పూర్వమే వేగము తగ్గించును. దిగుడులో బ్రేకుపై ఆధారపడక చిన్న గేరు వేసి ఇంజనుచేతనే బండిని నిదానింపజేయును. చుక్కానిచక్రమును గాని బ్రేకును గాని యాక్సిలరేటరును గాని ఒక్కసారిగా కదలింపడు.

దిగబడుట ఇంతకంటె చిత్రమైనది. నల్లరేగడి నేలలో వానకాలమున బండి దిగబడుట మనకు కొత్త కాదు. బండివాడు ఎద్దులను ఊరక కొట్టిన ప్రయోజనము లేదని ఎరిగి, చక్రము క్రింద కంపయో గడ్డియో వేయును. ఆ కంప చేయు పని యేమి? బరువును ఎక్కువ చోటికి పంచుట. హిమముపై నడుచు విద్య అంతయు ఈ ఒక్క మాటలో ఇమిడియున్నదని మా అభిప్రాయము.

లెక్కలో చూడుడు. రెండువేల కిలోగ్రాముల బరువు గల జీపునకు టయర్లలో చదరపు అంగుళమునకు 30 పౌనుల గాలి ఉన్నదనుకొందము. అపుడు ఒక్కొక్క టయరు నేలను తాకు చోటు సుమారు 36 చదరపు అంగుళములు, అనగా ఆరంగుళముల పొడవును ఆరంగుళముల వెడల్పును గల చిన్న పలకంత మాత్రమే. అంత పెద్ద బండి అట్టి నాలుగు పలకలపై నిలిచియున్నది. అరవై కిలోగ్రాముల మనిషి నడుచునపుడు అతని పాదము నేలపై మోపు ఒత్తిడి చదరపు అంగుళమునకు 4 పౌనులు మాత్రమే. మనిషి చీలమండ వరకు దిగిన హిమములో జీపు ఇరుసు వరకు దిగుటలో వింత లేదు.

ఐస్లాండు దేశస్థులు ఈ లెక్కను చక్కగా ఉపయోగించుకొనిరి. ఆ దేశపు నడిమి పీఠభూమిలో శీతకాలమున దారులన్నియు హిమముక్రింద పడిపోవును. అచట వాత్నయోకుల్ అను హిమక్షేత్రము వేల చదరపు కిలోమీటర్లు వ్యాపించియున్నది. దానిపై తిరుగుటకై అచటివారు సాధారణపు జీపులను పైకెత్తి, 38 అంగుళములును అంతకు మించియు ఎత్తుగల వెడల్పు టయర్లను తగిలింతురు. మెత్తని హిమము వచ్చినపుడు దిగి, ఆ టయర్లలోని గాలిని చాలవరకు తీసివేయుదురు. 30 పౌనులున్న గాలిని 4 పౌనులకును, ఒక్కొక్కచో 2 పౌనులకును దించుదురు. టయరు చపాతివలె పరచుకొని, ఒంటె పాదమువలె హిమమును అణచునే గాని చీల్చదు. ఆ విధముగా రెండు టన్నుల బండి మనిషి అడుగంత తేలికగా పోవును. తిరిగి గట్టిదారికి వచ్చినపుడు బండిలోని గాలిపంపుతో టయర్లను నింపుకొందురు. అట్లు నింపక వేగముగా పోయిన యెడల టయరు ప్రక్కలు వేడెక్కి చెడును. గాలి మరీ తగ్గినపుడు మలుపులో టయరు చక్రపు అంచునుండి ఊడివచ్చు భయమును కలదు. అందుచేత గాలి తీసినవారు మెల్లగా పోవుదురు, విశాలముగా త్రిప్పుదురు.

ఆ దేశపు చట్టమును గూర్చి ఒక మాట చెప్పక విడువజాలము. ఐస్లాండులో దారి విడిచి వట్టినేలపై బండి నడుపుట నేరము. అచటి నాచు, పలుచని మన్ను ఒకసారి చెడిన దశాబ్దముల వరకు కోలుకొనవు. హిమక్షేత్రములపైనను, బాగుగా గడ్డకట్టి హిమము కప్పిన నేలపైనను మాత్రము నేలకు హాని కలుగని యెడల అనుమతి కలదు. హిమము కరగిన పిదప చక్రపుజాడ మిగులకుండవలెననుటయే దాని భావము.

ఈ జ్ఞానము ఒక్క దినమున వచ్చినది కాదు. దక్షిణధ్రువ ఖండమునకు మొట్టమొదట మోటారుకారును గొనిపోయినవాడు షాకల్టను. 1907లో బయలుదేరిన అతని యాత్రలో ఆరోల్-జాన్‌స్టన్ కారు ఒకటి ఉండెను. గట్టిపడిన సముద్రపు మంచుగడ్డపై అది బాగుగనే నడిచి సామానులు లాగెను. మెత్తని హిమము తగిలినంతనే చక్రములు దిగబడి నిరుపయోగమాయెను. పిమ్మట స్కాటు చక్రములను మాని, పట్టాలవలె తిరుగు గొలుసుపట్టీలు గల మోటారు జారుడుబండ్లు మూటిని కొనిపోయెను. 1911 జనవరి 8వ తేదీన ఓడనుండి దించుచుండగా ఒకటి మంచుగడ్డను పగులగొట్టుకొని సముద్రమున మునిగెను. మిగిలిన రెండును ఆ సంవత్సరపు అక్టోబరులో బయలుదేరి కొద్దిదినములకే ఇంజనులు చెడి నిలిచిపోయెను. అంతటి చలిలో ఆ ఇంజనులు మితిమీరి వేడెక్కుటచే బాధపడెననిన మన విద్యార్థులకు ఆశ్చర్యము తోచవచ్చును. హిమములో లాగుట గొప్ప శ్రమ. మెల్లగా పోవు బండికి ఎదురుగాలి చాలదు. కావున చుట్టును చలియున్నను సిలిండర్లు కాగిపోవును. నేటికిని హిమములో చిక్కి ఇంజనును అరపించువారికి ఇదే గతి పట్టుచున్నది.

సుమారు అర్ధశతాబ్దము గడచిన పిమ్మట, 1958 జనవరి 4వ తేదీన, ఎడ్మండు హిల్లరీ గొలుసుపట్టీలు తగిలించిన ఫెర్గుసను వ్యవసాయపు ట్రాక్టర్లు మూటితో దక్షిణధ్రువమును చేరెను. పొలము దున్ను బండి భూగోళపు అంచును చేరుట మాకెంతో నచ్చిన సంగతి. ఆ ట్రాక్టర్లను మోకులతో ఒకదానికొకటి కట్టి నడిపిరి. ఒకటి కనబడని పగులులోనికి ఒరిగిన యెడల మిగిలినవి పట్టి నిలుపునని వారి ఆలోచన. అదే ఋతువున ఫుక్సు దొర స్నో-క్యాటులను బండ్లతో ఎదుటి తీరమునుండి బయలుదేరి, 99 దినములలో ఆ ఖండమును దాటి, మార్చి 2వ తేదీన ఆవలి తీరము చేరెను. త్రోవలో హిమము కప్పిన పగుళ్లు ఎన్నియో. ఒకమారు ఒక స్నో-క్యాటు క్రింద హిమపుకప్పు కూలగా, ముందు వెనుక పట్టీలు అంచులను పట్టుకొనియుండ, నడిమిభాగము అగాధముపై వ్రేలాడెను. తక్కిన బండ్లతో మోకులు కట్టి, అల్యూమినియపు వంతెనపలకలను క్రింద అమర్చి, దానిని పైకి తీసిరి. పగుళ్లున్న చోట వారు ముందుగా కాలినడకన పోయి కడ్డీలతో పొడిచి చూచిన గాని బండిని కదల్పరైరి.

ఇక సామాన్యపు కారు దారి ప్రక్కన మెత్తని హిమములో చిక్కినదనుకొందము. చక్రము ఊరక తిరుగుచున్నది. కొత్తవాడు యాక్సిలరేటరును మరింత త్రొక్కును. అప్పుడు చక్రపు వేడికి హిమము కొంచెము కరగి, వెంటనే పేరుకొని, నున్నని మంచుగడ్డగా మారును. బండి తన గోతిని తానే త్రవ్వుకొని తానే మెరుగుపెట్టుకొనును. ఒక చక్రము తిరుగుచు రెండవది కదలక నిలుచుటయు కద్దు. ఇందులకు కారణము ఇరుసు నడుమనుండు డిఫరెన్షియలు. మలుపులో బయటిచక్రము ఎక్కువ దూరము తిరుగవలయును గనుక, రెండు చక్రములు వేరువేరు వేగములతో తిరుగునట్లు దానిని అమర్చిరి. అయితే రెంటికిని అది సమానముగనే బలమునిచ్చును. ఒక చక్రమునకు పట్టు లేనిచో రెండవదానికిని అంతటి స్వల్పబలమే అందును. అందువలననే కొండబండ్లకు డిఫరెన్షియలును బిగించు మీట ఉండును.

కావున మొదట చక్రము త్రిప్పుట మానవలెను. రెండవ పని, పార తీసికొని దిగుట. ముందు చక్రముల వద్ద కాదు, బండి పొట్టక్రింద త్రవ్వవలెను. పొట్ట హిమముపై ఆనియున్నంతవరకు బరువు చక్రములపై పడదు, పట్టును రాదు. పిమ్మట చక్రముల ముందు వెనుకల చదునుచేసి, ఇసుకయో, పలకలో, ఏమియు లేకున్న కారులోని కాలిపట్టాలో వేసి, రెండవ గేరులో మెల్లగా కదల్పవలెను. చాలమారులు ముందునకు పోవుటకంటె వచ్చినజాడనే వెనుకకు పోవుట సులభము, ఏలయన ఆ జాడ ఇదివరకే అణగియున్నది. ముందునకు కొంచెము, వెనుకకు కొంచెము ఊయలవలె ఊపుటయు మంచిదే, గాని అది రెండుమూడు మారులలో ఫలింపనిచో మరల పారయే శరణ్యము. మోకుతో లాగించునపుడు ప్రక్కన నిలిచినవారు దూరముగా తొలగవలెను. తెగిన మోకు కొరడావలె వచ్చి ప్రాణము తీయగలదు.

చలికే చెడు భాగములు కొన్ని. బ్యాటరీ సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో తన బలములో సగము మాత్రమే ఇయ్యగలదు. ఆ సమయముననే చిక్కబడిన నూనెవలన ఇంజనుకు ఎక్కువ బలము కావలసియుండును. నీరు గడ్డకట్టునపుడు నూటికి తొమ్మిదివంతులు పెరుగును గనుక, రేడియేటరులో వట్టినీరు పోసినచో ఇనుపదిమ్మయైనను పగులును. ఎథిలీను గ్లైకాలును నీటిని సమపాళ్లలో కలిపిన ఆ భయము లేదు. డీజిలులోని మైనపు పదార్థము చలికి పేరుకొని వడపోతగుడ్డను మూసివేయును. ఈ కారణముననే 2019లో ఇండియన్ ఆయిల్ సంస్థ సున్నకు దిగువ 33 డిగ్రీల వరకు పారగల శీతకాలపు డీజిలును లడాకునకు పంప మొదలిడెను. రాత్రి బండి నిలుపునపుడు చేతిబ్రేకు వేయక, గేరు వేసి చక్రములకు రాళ్లు పెట్టుట మేలు. తడిసిన బ్రేకు తెల్లవారుసరికి బిగిసిపోవచ్చును.

అన్నిటికంటె పెద్ద ఆపద బండిలో లేదు, బండిలోని గాలిలో ఉన్నది. 2022 జనవరిలో పాకిస్థానమునందలి మర్రీ అను కొండపట్టణమునకు హిమము చూడ వచ్చిన వేలకొలది కార్లు దారిలో చిక్కుకొనెను. ఒక్క రాత్రిలో ఇరువదిమందికి పైగా, చిన్న బిడ్డలతో కూడ, కార్లలోనే మరణించిరి. కొందరికి చలి మృత్యువైనది. కొందరికి కార్బన్ మోనాక్సైడను విషవాయువు. వెచ్చదనము కొరకు ఇంజను నడిపినపుడు పొగగొట్టమును హిమము మూసినచో ఆ వాయువు క్రిందుగా కారులోనికి చేరును. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పియు మగతయు కలిగి మనిషి నిద్రించుచున్నట్లే పోవును.

కావున రాత్రి హిమములో చిక్కినవారు ఇంజనును ఎడతెగక నడుపరాదు. గంటకు పది నిమిషములు చాలును. నడుపుటకు ముందు ప్రతిమారును ఒకరు దిగి పొగగొట్టపు చుట్టునున్న హిమమును తొలగింపవలెను. గాలి వీచు వైపు కాక రెండవ వైపు కిటికీని వ్రేలెడు తెరచియుంచవలెను. అందరును ఒక్కమారే నిద్రింపరాదు. తుపానులో కారు విడిచి ఊరు వెదకుచు కాలినడకన పోరాదు. వెదకువారికి మనిషికంటె కారే త్వరగా కనబడును. కంబళ్లు, త్రాగునీరు, బెల్లమో ఖర్జూరములో, ఒక దీపము, ఎర్రగుడ్డ, పార ఇవి బయలుదేరునపుడే బండిలో ఉండవలెను. పారను మాత్రము సామానుపెట్టెలో అడుగున పెట్టక చేతికందు చోట పెట్టుకొనవలెను, ఏలయన హిమము పేరుకొన్న పిదప వెనుక తలుపు తెరచుకొనకపోవచ్చును.