పూటకూళ్ళ ఇల్లు

లండను నగరంలో థేమ్స్ నదికి దక్షిణపు ఒడ్డున సదర్క్ అనే పేట ఉన్నది. ఆ పేటలో ‘జార్జి ఇన్’ అనే పాత బస ఒకటి నేటికీ నిలిచి ఉన్నది. 1676లో మంటల్లో కాలిపోతే దానిని మళ్ళీ కట్టారు. గుర్రపు బండ్ల కాలంలో బాటసారులతో కళకళలాడింది. రైళ్ళు వచ్చిన తరువాత రైలు కంపెనీవారు గోదాముల కోసం అందులో రెండు వైపులు పడగొట్టారు. మిగిలినదానిని 1937 నుంచి నేషనల్ ట్రస్టు అనే సంస్థ కాపాడుతున్నది. దాని పొరుగున ‘టాబర్డ్’ అనే మరొక బస ఉండేది. కాంటర్‌బరీ యాత్రికులు అక్కడ కలుసుకుని బయలుదేరినట్లు పధ్నాలుగో శతాబ్దంలో ఛాసర్ కవి రాశాడు. 1873లో ఆ ఇంటిని పడగొట్టారు గాని, పేరు మాత్రం మాసిపోలేదు. ఇంగ్లీషువారికి ఊరి చరిత్రలో బస చరిత్ర కూడా ఒక భాగమే.

మరి మనకు అటువంటివి లేవా? లేకేం! ఉన్నాయి. కాకపోతే వాటికి బోర్డులు లేవు. ‘పూటకూళ్ళ ఇల్లు’ అనే పేరొక్కటే ఉండేది. కూడు అంటే అన్నం. పూటకింత అని డబ్బిచ్చి అన్నం తినే ఇల్లు గనుక అది పూటకూళ్ళ ఇల్లు అయింది.

ఈ ఇళ్ళు నిన్నా మొన్నా పుట్టినవి కావు. ‘క్రీడాభిరామం’ అనే కావ్యంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు కాకతీయుల ఓరుగల్లు వీధులు తిరిగి చూస్తారు. ఆ ఊళ్ళో ఒక పూటకూటింట ఒక్క రూక ఇస్తే కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పెసరపప్పు, అప్పుడు కాచిన నెయ్యి, కూరలు, అరటిపళ్ళు, పెరుగు అన్నీ వడ్డించేవారట! ఈ కావ్యం శ్రీనాథుడిదని కొందరు పండితులు వాదించినా, కర్తగా పేరు వినిపించేది వినుకొండ వల్లభరాయడిది. వినుకొండ మన పల్నాటి సీమలోనిదే గదా! కనుక ఓరుగల్లు పూటకూటింటి రుచి మనకు చెప్పిన ఘనత గుంటూరు మండలానికే దక్కిందని సరదాగా అనుకోవచ్చు.

సత్రానికీ పూటకూళ్ళ ఇంటికీ ఒక పెద్ద భేదం ఉన్నది. సత్రం కట్టించేవాడు ధర్మాత్ముడు. అక్కడ పెట్టే అన్నం దానం. కట్టించినవారి పేరు రాతిమీద చెక్కుతారు. పూటకూళ్ళ ఇంట పెట్టేదీ అన్నమే గాని, డబ్బు పుచ్చుకుంటారు. అన్నం అమ్ముకోవడం పాపమని మనవారి పట్టింపు. ఆకలి వేసినప్పుడు అక్కడ తినడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. చెయ్యి కడుక్కున్న తరువాత ‘పూటకూళ్ళమ్మ’ అని చులకనగా అనడానికీ అభ్యంతరం లేదు!

ఇంతకూ ఆ పూటకూళ్ళమ్మ ఎవరు? చాలా చోట్ల ఆమె దిక్కులేని వితంతువు. భర్త పోయిన స్త్రీకి ఉమ్మడి కుటుంబంలో తిండీ గుడ్డా తప్ప ఆస్తిలో వాటా లేని రోజులవి. 1937లో వచ్చిన చట్టం ఆమెకు పరిమితమైన హక్కు ఇచ్చింది. 1956లో గాని పూర్తి హక్కు రాలేదు. అంతకు ముందు చదువు లేని, ఆస్తి లేని స్త్రీ చేతిలో ఉన్న విద్య ఒక్కటే: వంట. కోర్టు పని మీద వచ్చినవారు, సరుకు అమ్ముకోవడానికి బండి కట్టుకుని వచ్చిన రైతులు, ఊళ్ళో బంధువులు లేని గుమాస్తాలు, విద్యార్థులు — వీరందరికీ పూటకింత అన్నం కావాలి. ఆమెకు పిల్లలను పెంచడానికి నాలుగు డబ్బులు కావాలి. పూటకూళ్ళ ఇల్లు ఆ రెండు అవసరాలనూ కలిపింది.

అటువంటి ఇల్లొకటి ఒంగోలులో ఉండేది. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. సమీపంలోని వినోదరాయునిపాలెంలో 1872 ఆగస్టు 23న పుట్టిన ఒక పిల్లవాడికి పదకొండో ఏట తండ్రి గోపాలకృష్ణయ్యగారు పోయారు. తల్లి సుబ్బమ్మగారు పిల్లలను వెంటబెట్టుకుని ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు పెట్టుకున్నది. లోకం ఏమనుకుంటుందో ఆమెకు తెలియదా? తెలుసు. పిల్లల ఆకలి అంతకంటె బాగా తెలుసు.

ఆ రాబడి చాలలేదు. పదిమందికి అన్నం పెట్టే తల్లి కొడుకు కలిగినవారి ఇళ్ళలో వారాలు చేసుకుని చదువుకున్నాడు. మిడిల్ స్కూలు పరీక్షకు ఫీజు మూడు రూపాయలు. ఆ డబ్బు అడుగుదామని బావగారి ఊరికి ఇరవై మైళ్ళకు పైగా నడిచి వెళ్ళి, వట్టి చేతులతో తిరిగి వచ్చాడు. చివరకు సుబ్బమ్మగారు తన పట్టుచీర తాకట్టు పెట్టి ఫీజు కట్టింది.

ఆ కుర్రవాడు రాజమండ్రిలో ప్లీడరై, ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై వచ్చాడు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకులకు రొమ్ము చూపి ఆంధ్రకేసరి అయ్యాడు. 1946లో మద్రాసు రాష్ట్ర ప్రధాని, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రపు తొలి ముఖ్యమంత్రి అయిన టంగుటూరి ప్రకాశం పంతులుగారే ఆయన. తల్లి చేసిన పనిని ఆయన దాచలేదు. తన జీవిత చరిత్రలో చెప్పుకున్నారు.

గురజాడవారి ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శించబడింది. అందులోని పూటకూళ్ళమ్మను చూసి ప్రేక్షకులు నవ్వుకున్నారు, నేటికీ నవ్వుకుంటున్నాము. ఆమె డబ్బు గిరీశం కాజేసిన సంగతి మాత్రం మనం అంతగా తలచుకోము.

1899లో బెజవాడ నుంచి మద్రాసు దాకా రైలుమార్గం పూర్తి అయింది. ఇంగ్లండులోవలెనే ఇక్కడ కూడా బాటపక్క మజిలీలు పలచబడ్డాయి. క్రమంగా ఊళ్ళలో కాఫీ హోటళ్ళు, భోజన హోటళ్ళు వెలిశాయి. అన్నం అమ్మడం పాపమన్న మాట అణగిపోయి, అదొక మర్యాదైన వ్యాపారమైంది. గుంటూరులో ‘శంకర్ విలాస్’ అనే హోటలు పేరు ఏకంగా ఒక కూడలికే పేరైపోయింది! రిక్షావాడికి ఆ మాట చెబితే చాలు. మగవాడు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాక వచ్చిన గౌరవం, ఆడది పొయ్యి దగ్గర కూర్చున్న రోజుల్లో ఎందుకు రాలేదో!

1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. కొడుకు పేరు జిల్లా అంతటా మోగుతున్నది. సత్రాలు కట్టించినవారి పేర్లు రాతిమీద ఉన్నాయి. సుబ్బమ్మగారివంటి తల్లులు ఎందరో ఏ రాతిమీదా లేరు.

మీ ఇంట్లో పెద్దవారు ఉంటే ఒకసారి అడిగి చూడండి. మీ తాతగారో, వారి తండ్రిగారో చదువుకునే రోజుల్లో ఎవరో ఒక పూటకూళ్ళమ్మ చేతి అన్నం తినే ఉంటారు. ఆమె పేరు ఎవరికైనా గుర్తుంటే పిల్లలకు చెప్పండి.