ఆగి ఉన్న కారుకు గోడ కరెంటు

మోటారు కార్ల ప్రదర్శన ఎప్పుడైనా చూశారా? మన దేశంలో పేరుపడ్డ ఆటో ఎక్స్‌పో 1986లో ఢిల్లీలోని ప్రగతి మైదాన్‌లో మొదలయింది. ఇలాటి చోట్ల కొత్త కార్లు తళతళా మెరుస్తూ బారులు తీరి ఉంటాయి. వాటి ఇంజన్లు తిరగవు. అయినా పొద్దుటినుంచి రాత్రిదాకా వాటి దీపాలు వెలుగుతాయి, లోపల పాటలు వినిపిస్తాయి, తెర మీద బొమ్మలు కదులుతాయి. ఇంత కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది?

"బ్యాటరీలోంచి!" అని మీరు చప్పున అనవచ్చు. అయితే లెక్క వేసి చూద్దాం.

మామూలు కారు బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కొక్క గదిలోనూ సీసపు పలకలూ, నీళ్ళు కలిపిన గంధకికామ్లమూ ఉంటాయి. ఒక్కొక్క గదికి సుమారు 2 వోల్టుల చొప్పున ఆరింటికీ కలిసి 12 వోల్టులు. ఈ సీసపు బ్యాటరీని 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్తోన్ ప్లాంటే కనిపెట్టాడు.

బ్యాటరీ మీద "60 ఆంపియర్-గంటలు" అని రాసి ఉందనుకోండి. 55 వాట్ల ముందు దీపాలు రెండూ కలిసి 110 వాట్లు. దాన్ని 12 వోల్టులతో భాగిస్తే 9 ఆంపియర్ల పైచిలుకు. పాటలకూ, తెరకూ మరో 11 ఆంపియర్లు వేసుకుంటే మొత్తం 20. అరవైని ఇరవైతో భాగిస్తే మూడు. అంటే బ్యాటరీ మూడు గంటల్లో ఖాళీ! నిజానికి మూడు గంటలు కూడా రాదు, ఎందుకంటే కరెంటును త్వరత్వరగా లాగేస్తే బ్యాటరీ చెప్పినంత ఇవ్వదు. పైగా దాన్ని అడుగంటా తోడేసి అలాగే వదిలేస్తే సీసపు పలకల మీద తెల్లని లవణం గట్టిపడుతుంది. ఆ తరవాత బ్యాటరీకి పూర్వపు సత్తువ రాదు.

"పోనీ, ఇంజను తిప్పితే?" అంటారేమో. రోడ్డు మీద నడిచే కారులో ఇంజను తిప్పే ఆల్టర్నేటరే కరెంటు పుట్టిస్తుంది, నిజమే. కాని ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. అది రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. మొదట తలనొప్పి, తరవాత మత్తు, ఆపైన ప్రాణానికే ముప్పు. అందుచేత నాలుగు గోడల మధ్య ఇంజను తిప్పకూడదు. ప్రదర్శనశాలలోనే కాదు, తలుపులు మూసిన ఇంటి షెడ్డులోనూ అంతే.

ఇక మిగిలింది గోడలోని ప్లగ్గు. కాని ఇక్కడ పెద్ద చిక్కుంది. మన ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు. అది ఎ.సి., అనగా సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగే కరెంటు. కారుకు కావలసింది 12 వోల్టుల డి.సి., అనగా ఎప్పుడూ ఒకే దిక్కుకు పారేది. గోడ కరెంటును తిన్నగా కారు తీగలకు కలిపితే పరికరాలన్నీ కాలిపోతాయి. అంతకన్న ఘోరం, కారు ఇనపరేకు మొత్తానికి కరెంటు పాకవచ్చు. తలుపు ముట్టుకున్నవాడి ప్రాణం పోవచ్చు.

కనక ఈ రెండింటి మధ్యా ఒక మధ్యవర్తి ఉండాలి. దాన్నే పవర్ సప్లయి అంటారు. పాత పద్ధతి పవర్ సప్లయిలో మొదట ఒక ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. ఇనపరేకుల దిమ్మ చుట్టూ రెండు తీగచుట్టలు. మొదటి దానికి 1,000 చుట్లుంటే రెండోదానికి సుమారు 60 చాలు. వోల్టులు కూడా అదే పాళ్ళలో తగ్గిపోతాయి. తరవాత డయోడ్లు వస్తాయి. ఇవి కరెంటును ఒక దిక్కుకే పోనిచ్చే ద్వారపాలకులు. వీటిని దాటినా కరెంటు ఇంకా సెకనుకు 100 సార్లు ఎగసిపడుతూ ఉంటుంది. అలాగే వదిలేస్తే పాటలో "గుయ్" మనే రొద వినిపిస్తుంది. కెపాసిటరు అనేది, నీటి తొట్టిలాగా, ఎక్కువైనప్పుడు నింపుకుని తక్కువైనప్పుడు ఇచ్చి, దాన్ని సాఫీ చేస్తుంది.

ఇప్పటి పవర్ సప్లయిలు ముందుగా గోడ కరెంటును డి.సి.గా మార్చి, దాన్ని సెకనుకు వేలకొద్దీ సార్లు తుంపులు చేస్తాయి. అంత వేగానికి చాలా చిన్న ట్రాన్స్‌ఫార్మరు సరిపోతుంది. అందుకే అవి తేలిగ్గా ఉంటాయి. ప్రదర్శనలో దీన్ని సుమారు 13.8 వోల్టులకు సరిచేస్తారు. ఎందుకంటే ఇంజను తిరుగుతున్నప్పుడు కారుకు అందేది ఇంచుమించు అంతే.

ఇంకొక వింత చూడండి. కారులో 20 ఆంపియర్లు పారితే, 12 వోల్టుల లెక్కన 240 వాట్లు. అన్ని వాట్లకూ గోడలోంచి 1 ఆంపియరుకు కాస్త పైగా వస్తే చాలు! వోల్టులు తగ్గిన కొద్దీ ఆంపియర్లు పెరుగుతాయి. అందుకే గోడవైపు తీగ సన్నగా ఉన్నా, కారువైపు తీగ లావుగా ఉండాలి. సన్నతీగ వేస్తే కాగిపోతుంది.

"12 వోల్టులు షాకు కొట్టదు గదా, భయమేమిటి?" అనుకోకండి. బ్యాటరీ రెండు కొసల మధ్యా ఒక ఇనపరెంచి అడ్డంపడితే వందలకొద్దీ ఆంపియర్లు ఒక్కసారిగా పారుతాయి. రెంచి ఎర్రగా కాలుతుంది, నిప్పు కూడా అంటుకోవచ్చు. దీపానికైనా, పాటకైనా, తీగ దారిలో తగిన ఫ్యూజు ఉండటం అందుకే. ప్రమాదం వస్తే అది తాను కాలిపోయి కారును కాపాడుతుంది.

ఈ మధ్యవర్తి తమ్ముడొకడు మీ ఇంట్లోనే ఉన్నాడు. అదే ఫోను ఛార్జరు! దాని మీది చిన్న అక్షరాలు చదివి చూడండి. "5 వోల్టులు, 2 ఆంపియర్లు" అని ఉంటే అది ఇచ్చేది ఎన్ని వాట్లు? మనం చెప్పుకున్న కారుకు అలాటి ఛార్జర్లు ఎన్నిటి సత్తువ కావాలి? లెక్క వేసి నాన్నగారికి చూపించండి. అయితే ఛార్జరును విప్పి మాత్రం చూడవద్దు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటరులో కరెంటు కొంతసేపు దాగి ఉంటుంది.