బొగ్గుగనిలో ఆదివారం

'కనుమనాడు కాకైనా కదలదు' అని మన పల్లెలలో సామెత. సంక్రాంతి మరునాడు రైతు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, కాడి దించి మేతకు విడుస్తాడు. ఏడాది పొడవునా తనకోసం శ్రమించిన ఎద్దుకు ఒకనాడు సెలవు ఇవ్వడం ధర్మమని అతని నమ్మకం. ఈ ఆచారంలో దయ ఎంత ఉన్నదో లెక్క కూడా అంతే ఉన్నది. అలసిన ఎద్దు దున్నిన చాలు వంకరపోతుందని అతనికి తెలియును. విశ్రాంతి అనగా పని లేకపోవడం కాదనీ, రేపటి పనికి పెట్టే పెట్టుబడి అనీ శాస్త్రజ్ఞులు చెప్పకముందే మన రైతు గ్రహించినాడు.

కాని కనుమనాడు కూడా కదలక తప్పని ఊళ్లు కొన్ని ఉన్నవి. గోదావరి ఒడ్డున వెలసిన గోదావరిఖని అట్టిది. బొగ్గుబాయిలు, వాటి ప్రక్కనే 1983లో విద్యుదుత్పత్తి ప్రారంభించిన రామగుండం థర్మల్ కేంద్రం రేయింబవళ్లు నడుస్తూనే ఉంటవి. ఇక్కడి జనానికి రోజు సూర్యోదయంతో మొదలు కాదు, షిఫ్టుతో మొదలవుతుంది. తండ్రి ఏ షిఫ్టుకు పోవునో దానినిబట్టి ఇంట్లో వంటవేళ, పిల్లల ఆటవేళ, నిద్రవేళ నిర్ణయమవుతవి.

1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును కనుగొన్నాడు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాదు దక్కన్ కంపెనీ ఆ గనులను తవ్వించే హక్కు సంపాదించినది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ అవతరించినది. నేడు అది తెలంగాణ, కేంద్ర ప్రభుత్వాల ఉమ్మడి సంస్థ. ఈ నూరేళ్ల పైబడిన చరిత్రలో ఎన్ని టన్నుల బొగ్గు పైకి వచ్చినదో లెక్కలున్నవి. ఎన్ని గంటల నిద్ర ఆ బాయిలలో పోయినదో లెక్క పెట్టినవారు లేరు.

ఇక్కడి కార్మికుల మాటలలో 'ప్లేడే' అనే చిత్రమైన మాట ఒకటి ఉన్నది. అక్షరార్థం ఆటల దినం. అసలు అర్థం వారపు విశ్రాంతి దినం, సాధారణంగా ఆదివారం. కాని ఒక కార్మికుడు 'ఈ వారం నాకు ప్లేడే దొరికింది' అని సంతోషంగా చెప్పినాడంటే, ఆనాడు ఇంట్లో ఉన్నాడని అనుకోరాదు. విశ్రాంతి దినాన పని దొరికినదని దాని భావం! ఆనాటి మస్టరుకు రెట్టింపు జీతం వస్తుంది. అందుకే ప్లేడేలు తగ్గించినారని కార్మికులు నిరసన తెలిపిన సందర్భాలు కూడా ఉన్నవి. ఒకప్పుడు పోరాడి సాధించుకొన్న సెలవు అమ్ముకొనే సరుకుగా మారిన తీరు ఇది.

ఆ సెలవు సులభంగా రాలేదు. బొంబాయి మిల్లులలో నారాయణ మేఘాజీ లోఖండే సంవత్సరాల తరబడి ఉద్యమించిన మీదట 1890లో ఆదివారపు సెలవు లభించినది. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వారపు విశ్రాంతిపై ఒక ఒడంబడిక చేయగా, 1923లో భారతదేశం దానిని ఆమోదించినది. ఆ సంవత్సరపు గనుల చట్టమే వారానికి ఆరు దినాలకు మించి ఎవరిచేతా పని చేయించరాదన్నది. అయినా భూగర్భంలో వారానికి 54 గంటల పనిని అనుమతించినది. స్వాతంత్ర్యానంతరం వచ్చిన 1952 గనుల చట్టం దానిని 48 గంటలకు, రోజుకు 8 గంటలకు తగ్గించినది. అత్యవసరమై విశ్రాంతి దినాన పని చేయించవలసి వచ్చినప్పుడు, ఆ నెలలోనో తరువాతి రెండు నెలలలోనో దానికి బదులు మరొక దినం సెలవు ఇవ్వవలెనని ఆ చట్టంలోనే ఉండినది. ఈ నియమం కాంట్రాక్టు కార్మికునికీ వర్తించినది. చట్టం రోజుకు బదులు రోజును అడిగినది. మనం రోజుకు బదులు రూపాయలతో తృప్తిపడుతున్నాము.

ఈ మాటలో కార్మికుని నిందించే ఉద్దేశం లేదు. కూతురి పెళ్లి, కొడుకు కాలేజీ ఫీజు, ఇంటి అప్పు, ముసలి తల్లిదండ్రుల మందులు అతని ఆదివారాన్ని కొనుక్కొంటున్నవి. జీతం చాలని ఇంటికి విశ్రాంతిని గురించి ఉపదేశం చేయడం, ఆకలిగొన్నవానికి ఉపవాస మహాత్మ్యం చెప్పడం వంటిది. పైగా సెలవునాడు కూడా బాయి పూర్తిగా నిద్రపోదు. ఊట నీటిని తోడే పంపులు, గాలిని పంపే ఫ్యానులు ఆగరాదు. ఆ రోజుననే యంత్రాలను విప్పి, శుభ్రపరచి, తాళ్లు, గొలుసులు పరీక్షించాలి. ఎవరో ఒకరు దిగక తప్పదు. ఇందులో ఒక వింత ఉన్నది. యంత్రానికి విశ్రాంతి కావలెనని అందరూ ఒప్పుకొంటారు. దానికొక తేదీ, ఒక పట్టిక ఏర్పాటు చేస్తారు. ఆ యంత్రాన్ని నడిపే మనిషి విషయంలో మాత్రం ఆ పట్టిక కనబడదు.

అలసట గనిలో కేవలం ఒంటి బాధ కాదు. మైనింగ్ సర్దారు చేతికర్రతో పైకప్పును తట్టి, ఆ చప్పుడునుబట్టి రాయి గట్టిగా ఉన్నదో బోలుగా ఉన్నదో తెలుసుకొంటాడు. ఆ చిన్న తేడాను పట్టవలసినది నిద్ర చాలిన చెవి. 2000 సంవత్సరంలో ప్రచురితమైన ఒక పరిశోధనలో, 17 గంటలకు పైగా మెలకువగా ఉన్నవారి చురుకుదనం కొంత మద్యం సేవించినవారి స్థాయికి పడిపోయినట్లు తేలినది. త్రాగినవానిని బాయిలోకి దిగనివ్వరు. నిద్రలేనివానిని గుర్తుపట్టే వారెవరు?

రాత్రి షిఫ్టువానికి మరొక చిక్కు ఉన్నది. 'ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు' అంటారు. పగటినిద్రకు మాత్రం ఈ సామెత పూర్తిగా వర్తించదు. మన ఒంటి కణాలలోనే ఒక గడియారం ఉన్నదనీ, అది వెలుతురును అనుసరించి నడుస్తుందనీ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. దాని లోపలి పనితీరును విప్పిన జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ బహుమానం లభించినది. ఆ గడియారానికి ఎదురీది పగలు నిద్రించడం అసలే కష్టం. ఎండలు 45 డిగ్రీలకు చేరే రామగుండం వేసవిలో, చిన్న క్వార్టరులో, వీధి చప్పుళ్ల నడుమ అది మరింత కష్టం.

ఎక్కువ గంటలు పనిచేస్తే ఎక్కువ పని జరుగుతుందన్న నమ్మకం కూడా పరీక్షకు నిలువలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటనులో తుపాకీగుండ్ల కర్మాగారాలు ఆదివారాలు కూడా నడిచినవి. 1915లో ఏర్పడిన ఒక ఆరోగ్య సంఘం ఆ కార్మికుల పనిగంటలను, ఉత్పత్తిని పోల్చి చూచి, ఆదివారపు పని మానుకొమ్మని సలహా ఇచ్చినది. దాదాపు నూరేళ్ల తరువాత జాన్ పెన్‌కావెల్ అనే ఆర్థికవేత్త ఆ లెక్కలనే మళ్లీ తిరగవేసినాడు. వారానికి 70 గంటలు పనిచేసినవారి ఉత్పత్తికీ, 56 గంటలు పనిచేసినవారి ఉత్పత్తికీ పెద్ద భేదం లేదని తేల్చినాడు. ఆ 14 గంటల శ్రమ దేశానికి పనికిరాలేదు, మనిషికి మాత్రం నష్టమైనది.

ఇక ఉద్యోగంలో ఎదుగుదల మాట. తట్టా చెమ్మసు పట్టి బాయిలో చేరినవాడు జీవితాంతం అక్కడే ఉండనక్కరలేదు. అనుభవం గడించి, మైనింగ్ సర్దారు, ఓవర్‌మన్ పరీక్షలు వ్రాసి పైమెట్టు ఎక్కవచ్చును. గనుల భద్రతా డైరెక్టరేటు ఆధ్వర్యాన జరిగే ఆ పరీక్షలలో గాలి ప్రసరణ, విషవాయువులు, పైకప్పు ఊతలు మొదలైనవాటిని గురించి అడుగుతారు. ఆరు దినాలు బాయిలో గడిపి, ఏడవ దినం కూడా దిగినవాడు ఈ పుస్తకం ఎప్పుడు తెరవాలి? తెరిచినా ఎంత నిలుస్తుంది? చదివినది నిద్రలోనే మనసులో కుదురుకొంటుందని నేటి శాస్త్రం చెబుతున్నది. ఒక ప్లేడే మస్టరు ఈ నెల జీతాన్ని పెంచుతుంది. ఆదివారపు నిద్ర, ఆపై రెండు గంటల చదువు ముందున్న ఇరువది ఏళ్ల జీతాన్ని పెంచవచ్చును. ఈ రెండింటిలో ఏది లాభమో లెక్కల ఉపాధ్యాయుడు పిల్లలచేతనే తేల్పించవచ్చును.

విద్యార్థులకు కూడా ఇదే పాఠం. పదవ తరగతి పరీక్షల ముందు తెల్లవార్లూ దీపం ఆర్పకపోవడం శ్రద్ధకు గుర్తు అని మనం పొగడుతాము. అది మన అలవాటే కాని విద్యకు మేలు చేసేది కాదు. వేసవిలో ఒంటిపూట బడులు పెట్టడంలో ఎండనుండి రక్షణ ఎంత ఉన్నదో, అలసిన మెదడుకు చదువు ఎక్కదన్న వివేకం అంతే ఉన్నది. ఆ మిగిలిన పూటను ట్యూషన్లతో నింపి వివేకాన్ని ఓడించకుండా ఉంటే చాలును.

గోదావరిఖని పాఠశాలల ఉపాధ్యాయులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. మీ తరగతిలో గొంతు విప్పి మాట్లాడని పిల్లవాడు మందమతి కాకపోవచ్చును. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి నిద్ర చెదరకుండా ఇంట్లో మెల్లగా నడవడం, గుసగుసగా మాట్లాడడం చిన్ననాటినుండి నేర్చినవాడు కావచ్చును. ఇతరుల విశ్రాంతిని గౌరవించడం అతనికి ఎవరూ బోధించకనే వచ్చిన విద్య. అతడు పెద్దవాడై బాయిలో మేనేజరైనా, కార్యాలయంలో అధికారియైనా, తన కింద పనిచేసేవారి ఆదివారాన్ని ఆ గౌరవంతోనే చూడగలిగితే, ఆ చదువు సార్థకమైనట్లే.