మాల్ పోయింది... ఇళ్లు రాలేదు!

మా నాన్న 2013లో ఆర్నెల్లు ఉండిపోదామని కాలిఫోర్నియా వచ్చారు. వారం తిరక్కుండానే ఆయనకు కాలక్షేపం పెద్ద సమస్య అయిపోయింది. పొద్దున లేస్తే నేనో ఆఫీసుకి, మా ఆవిడో ఆఫీసుకి, పాప ప్రీస్కూలుకి. పలకరించే మనిషి లేడు. ఆయనేమో ఒంగోలు ట్రంకు రోడ్డులో రోజూ సాయంత్రం నలుగురితో నిలబడి మాట్లాడందే ఇంటికి రాని మనిషి. అలాంటాయనకు దొరికిన దిక్కు... కుపర్టినోలో మా అపార్ట్‌మెంట్‌కి పది నిమిషాల నడకలో ఉన్న వాల్కో మాల్.

రోజూ భోంచేసి బయల్దేరేవారు. సియర్స్ వైపు నుంచి లోపలికెళ్లి, వుల్ఫ్ రోడ్డు మీదుగా కట్టిన వంతెన దాటి, అవతల జేసీ పెన్నీ దాకా. మళ్లీ వెనక్కి. ఏసీ ఉంది, కూర్చోడానికి బెంచీలున్నాయి, తోసుకునే జనం లేరు. మూడో రోజో నాలుగో రోజో రాత్రి అన్నం దగ్గర అడిగారు. "ఒరే, అంత పెద్ద బజారు కదా... కొనేవాళ్లేర్రా?"

అప్పుడు నవ్వేసి ఊరుకున్నా. నిజం చెప్పాలంటే నా దగ్గర జవాబు లేదు. తర్వాత పదేళ్లలో ఆ జవాబు నా అద్దె రసీదుల్లోనే దొరికింది.

ముందు ఊరి సంగతి. కుపర్టినో అంటే యాపిల్ ఆఫీసున్న ఊరు. అరవై వేల జనాభా. యాపిల్ రాకముందు అక్కడున్నవన్నీ పండ్ల తోటలే. ఆప్రికాట్, ప్రూన్, చెర్రీ. ఆ తోటల మధ్య కొన్ని కుటుంబాలు, వేరియన్ అసోసియేట్స్ అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీ కలిసి ఒక బిజినెస్ పార్కు పెట్టాయి. వేరియన్‌తో పాటు లియొనార్డ్, లెస్టర్, క్రాఫ్ట్, ఓర్లాండో అనే పేర్ల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిందే 'వాల్కో'. అదేదో ఇటాలియన్ పేరనుకుని నేను చాలా ఏళ్లు స్టయిలుగా పలికేవాణ్ని!

1976లో మాల్ తెరిచారు. వాల్కో ఫ్యాషన్ పార్క్. రోడ్డుకి ఇటు సగం, అటు సగం. మధ్యలో వంతెన మీద కూడా షాపులే, కింద కార్లు పోతుంటాయి. అడుగున ఐస్ స్కేటింగ్ రింక్. హైస్కూలు రోజుల్లో సాయంత్రాలన్నీ అక్కడే గడిచాయని మా ఆఫీసులో ఒక పెద్దాయన చెప్పేవాడు. మొదటి డేటింగు, మొదటి ఉద్యోగం, మొదటి కొట్లాట... అన్నీ అక్కడేనట.

నేను 2007లో దిగాను. అప్పటికి బోర్డు మీద పేరు 'కుపర్టినో స్క్వేర్'. పాత పేరు తీసేసి కొత్త పేరు పెడితే దశ తిరుగుతుందని ఓనర్ల ఆశ. 16 తెరల ఏఎంసీ థియేటర్ కూడా కొత్తగా వచ్చింది. హైదరాబాద్‌లో ప్రసాద్స్, పంజాగుట్ట సెంట్రల్ చూసొచ్చిన కళ్లు కదా, మాల్ అంటే జాతర అనే నా లెక్క. ఇక్కడేమో సినిమా వదిలాక జనం తిన్నగా పార్కింగ్‌కి నడిచేవారు. షాపుల వైపు తిరిగేవాళ్లే లేరు. మరుసటేడే మాల్ దివాలా పిటిషన్ వేసింది. 2009లో వియత్నాంకి చెందిన ఇన్వెస్టర్లు కొన్నారు. పేరు మళ్లీ వాల్కో అయింది. జనం ఎలాగూ దాన్ని వాల్కో అనడం మానలేదు, బోర్డే తిరిగి దారికొచ్చింది.

ఎందుకిలా? 'ఆన్‌లైన్ షాపింగే కారణం' అని తేల్చేస్తారు చాలామంది. నాకైతే అది సగం జవాబే. నేను దిగిన ఏడాదే కదా ఐఫోన్ వచ్చింది. ఈ మాల్ అప్పటికే నీరసించి ఉంది. కొన్ని మైళ్ల దూరంలో వ్యాలీ ఫెయిర్ అనే మాల్ కిటకిటలాడుతూనే ఉంది, ఇప్పటికీ ఉంది. దానికెదురుగా 2002లో సంతానా రో వచ్చింది. కింద షాపులు, పైన ఇళ్లు, మధ్యలో నడిచే వీధి. మన ఊళ్లలో మెయిన్ బజారు ఎప్పట్నుంచో అంతే కదా! వాల్కో మాత్రం రోడ్డుకి వీపు తిప్పి కూర్చుంది. బయటికి గోడలు, చుట్టూ పార్కింగ్.

ఇంకోటి మాకెవరికీ తెలియనిది. మాల్ అంతా ఒకరిది కాదు. మేసీస్, సియర్స్, జేసీ పెన్నీ లాంటి పెద్ద స్టోర్లు తమ బిల్డింగులను తామే సొంతంగా ఉంచుకున్నాయి. మధ్యలో ఉన్న వరండా లాంటి భాగమే మాల్ ఓనరుది. అన్నదమ్ములు పంచుకున్న పాత ఇల్లు ఊహించుకోండి. ఒకడు గోడ కదిలిద్దామంటే ఇంకొకడు సంతకం పెట్టడు. ఇల్లు అలాగే కూలుతుంది.

చివరికి 2014లో శాండ్ హిల్ ప్రాపర్టీ అనే కంపెనీ ముక్కలన్నీ ఒక్కొక్కటిగా కొని కలిపింది. మొత్తం 31 కోట్ల డాలర్లకు పైనే. ఆ తర్వాత మేసీస్ పోయింది, సియర్స్ పోయింది, 2016లో జేసీ పెన్నీ కూడా. మా పాప ఐస్ రింక్‌లో స్కేటింగ్ నేర్చుకుంటుంటే నేను పైన చీకటి కారిడార్లలో నడిచేవాణ్ని. షట్టర్ల వెనక ఖాళీ అరలు. ఫౌంటెన్లు, ఎస్కలేటర్లు ఎవరి కోసం తిరిగేవో మరి. నాన్న ఫోన్ చేసినప్పుడల్లా "మన మాల్ ఎట్లా ఉందిరా?" అని అడిగేవారు. బావుంది నాన్నా అనేవాణ్ని.

ఇక్కడ నా స్వార్థం చెప్పేయాలి. 2007లో మా డబుల్ బెడ్‌రూమ్ అద్దె 1,750 డాలర్లు. 2016కి 3,250. ప్రతి మార్చిలో కొత్త లీజు కాగితం వచ్చేది, మా ఆవిడ దాన్ని తెరవకుండా నాకిచ్చేది. ఊళ్లో స్కూళ్లు బాగుంటాయి కాబట్టి వదల్లేం. ఇల్లు కొనడం కలలో మాట. అలాంటప్పుడు నడక దూరంలో దాదాపు 50 ఎకరాల చచ్చిన మాల్ కనిపిస్తుంటే ఏమనిపిస్తుంది? ఇక్కడ ఇళ్లు కట్టొచ్చు కదా అనిపించదూ!

ప్లాన్ రానే వచ్చింది. 2015లో 'ద హిల్స్ ఎట్ వాల్కో' బొమ్మలు విడుదల చేశారు. రఫాయెల్ విన్యోలి అనే పేరున్న ఆర్కిటెక్ట్ డిజైన్. మొత్తం కట్టడం పైన 30 ఎకరాల తోట... కొండ మీద నడిచినట్టు నడవొచ్చట. కింద షాపులు, ఆఫీసులు, 800 ఇళ్లు. 2016 నవంబరులో ఓటింగు పెట్టారు. అనుకూలంగా మెజర్ డి, అడ్డుకోవాలనే వాళ్లది మెజర్ సి. వీధి వీధికీ బోర్డులే.

ఆ ఏడు దీపావళి అక్టోబరు 30న వచ్చింది. ఓటింగుకి తొమ్మిది రోజులు. మేం పండక్కి నెల్లూరు అన్నావాళ్ల ఇంటికెళ్లాం. ఈయన నాకు సొంత అన్న కాదు, వచ్చిన కొత్తలో నెల రోజులు ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టిన మనిషి. ఇక్కడ ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాడు. సొంత ఇల్లు, సిటిజన్. గుమ్మం ముందు ముగ్గు పక్కనే లాన్‌లో బోర్డు ఉంది... 'నో ఆన్ డి'.

నాకు ముద్ద దిగలేదు. వదిన పూర్ణం బూరెలు వేస్తుంటే అడిగేశా. "ఏందన్నా, మాకు ఇళ్లొద్దా?"

ఆయన నిదానంగా అన్నాడు. "తమ్ముడూ, లెక్క నువ్వే చెప్పు. ఇరవై లక్షల అడుగుల ఆఫీసు కడతన్నారు. దాంట్లో ఎన్ని వేల మంది కూర్చుంటారు? ఇళ్లేమో ఎనిమిదొందలు. మిగతా వాళ్లంతా ఎక్కడుంటారు? నీ అద్దె తగ్గుద్దా, పెరుగుద్దా?"

నేను తడబడ్డా. ఎందుకంటే ఆయన లెక్క తప్పు కాదు. అంతటితో ఆగితే బావుండేది. "ఇంకా స్కూళ్లు కిక్కిరిసి పోతాయి. వుల్ఫ్ రోడ్డులో ఇప్పటికే కదల్లేకుండా ఉన్నాం" అన్నాడు. అంటే నా కూతురు ఆ స్కూల్లో కిక్కిరిసిన దాంట్లో ఒకతె అన్నమాట. పైకి అనలేదు. నాకు ఓటు లేదు, హెచ్1బీ వాణ్ని. బూరె తిని, చిచ్చుబుడ్లు కాల్చి వచ్చేశాం. కారులో మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు.

ఫలితం విచిత్రం. డి ఓడిపోయింది. సి కూడా ఓడిపోయింది! కట్టొద్దన్నారు, కట్టొద్దనే రూలూ వద్దన్నారు.

2017లో మేం ఊరు వదిలేశాం. ఆల్టమాంట్ కొండల అవతల మౌంటెన్ హౌస్‌లో ఇల్లు కొన్నాం. ఆఫీసుకి దాదాపు 50 మైళ్లు. పొద్దున అయిదింటికి బయల్దేరితే చీకట్లో ముందూ వెనకా ఎర్ర లైట్ల వరస. ఆ వరసలో తెలుగువాళ్లు ఎంతమందో, గుళ్లో కలిసినప్పుడు తెలిసేది.

అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం ఎస్‌బీ 35 అనే చట్టం చేసింది. ప్రతి ఊరికీ ఇన్ని ఇళ్లకు అనుమతివ్వాలని లక్ష్యం ఉంటుంది. వెనకబడిన ఊళ్లో ఎవరైనా రాసున్న రూల్స్ ప్రకారం, అందుబాటు అద్దె ఇళ్లు కలిపి ప్లాన్ తెస్తే... మీటింగులు, ఓటింగులు లేకుండా గడువులోగా ఒప్పుకోవాల్సిందే. 2018 మార్చిలో ఏఎంసీ మూతపడింది. అదే నెలలో కంపెనీ ఆ చట్టం కింద దరఖాస్తు పెట్టింది. ఈసారి 2,402 ఇళ్లు, అందులో సగం తక్కువ ఆదాయం వాళ్లకు. ఆఫీసులు 18 లక్షల అడుగులు. అన్న దీపావళి నాడు అడిగిన లెక్కకి ఇంతో అంతో జవాబు అందులో ఉంది. సెప్టెంబరులో సిటీ ఆమోదించింది. అక్టోబరులో కూల్చడం మొదలైంది.

నేను ఆఫీసు నుంచి కావాలనే ఆ దారిన వెళ్లా. యంత్రం కోర గోడలోకి దిగితే లోపలి మెట్లు, రంగులు వేసిన గదులు బయటపడుతున్నాయి. ఫోన్‌లో వీడియో తీసి నాన్నకి పంపా. "నేను నడిచిన చోటేనా?" అని ఒక్క మెసేజ్ పెట్టారు.

కూల్చడం తేలికైంది. కట్టడమే మొదలవలేదు. స్థానికుల బృందం ఒకటి కోర్టుకెళ్లింది. 2020లో జడ్జి ప్రాజెక్టు వైపే తీర్పిచ్చారు. ఆ తర్వాత నేలలో కాలుష్యం పరీక్షలు, కోవిడ్, ఖాళీ ఆఫీసులు, వడ్డీలు. పేరు మళ్లీ మారి 'ద రైజ్' అయింది.

ఈలోగా జరిగిందొకటి నాకు మింగుడుపడదు. స్కూళ్లు కిక్కిరిసిపోతాయని కదా భయం? పిల్లల సంఖ్య పడిపోయిందని కుపర్టినో స్కూల్ డిస్ట్రిక్ట్ 2022లో ఎలిమెంటరీ స్కూళ్లను మూసేసింది. కారణాలు చాలా ఉంటాయి, పుట్టే పిల్లలే తగ్గారు, నిజమే. అయినా అద్దెలు కట్టలేక కొండ దాటి వచ్చేసిన పిల్లలు మా వీధిలోనే ఎంతమందో నేను వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలను. మా పాప స్కూలు బస్సులో సగం మంది అటువైపు నుంచి వచ్చినవాళ్లే.

మాల్ అనే ఆలోచనకు మూలపురుషుడు విక్టర్ గ్రూయెన్ అని ఒక వియన్నా ఆర్కిటెక్ట్. నాజీల నుంచి తప్పించుకుని అమెరికా వచ్చాడు. 1956లో మిన్నెసోటాలో సౌత్‌డేల్ కట్టాడు, నాలుగు గోడల మధ్య ఏసీ మాల్‌కి అదే నమూనా. ఆయన అనుకున్నది షాపుల చుట్టూ ఇళ్లు, స్కూలు, పార్కు. మిగిలింది షాపులు, కార్లు. ముసలితనంలో ఈ మాల్స్‌కి నన్ను తండ్రిననొద్దు అని తెగేసి చెప్పాడు. వాల్కో స్థలంలో ఇప్పుడు కడతామంటున్నది ఇంచుమించు ఆయన మొదట గీసిందే.

2024 ఫిబ్రవరిలో మార్చిన ప్లాన్ పాసైంది. పైన తోట ఎగిరిపోయింది, ఇళ్లు 2,669 అయ్యాయి. ఆ వారమే అన్న ఫోన్ చేశాడు. మేం మాట్లాడుకుని చాలా రోజులైంది. వాళ్లబ్బాయికి ఇక్కడే ఉద్యోగమొచ్చింది. ముగ్గురు రూమ్మేట్లతో శాన్ హోసేలో ఉంటున్నాడట, పెళ్లి సంబంధాలు చూస్తున్నారట.

"తమ్ముడూ, నువ్వు ఆ వాల్కో సంగతులు చదువుతుంటావు గదా... ఆ ఇళ్లకి అప్లికేషన్లు ఎప్పుడు తీసుకుంటారో కనుక్కోరాదూ?"

"ఇంకా కట్టడమే మొదలెట్టలేదన్నా" అన్నా.

"ఎప్పుడు మొదలెడతారంట?"

లాన్‌లో బోర్డు గుర్తొచ్చింది. అడగబోయి ఊరుకున్నా. లింకులన్నీ వాట్సాప్‌లో పంపా. రెండు నీలం టిక్కులు పడ్డాయి. కాసేపటికి వదిన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది... ఈ ఉగాదికి తప్పకుండా రమ్మని.